టవాలు కింద షుగరు

మైదుకూరులో మా ఆయన ముఖం కంటే ఆయన వేళ్ళకే ఎక్కువ పేరు. చిత్తూరు లారీ దిగిన బెల్లం దిమ్మెను బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి, అంచున ఇంత చిదిమి, రెండు వేళ్ళ మధ్య నలిపి, "పాకం ముదిరింది. ఇది పక్కన పెట్టు" అనేవాడు. నోట్లో వేసుకుని చూడడం చేతగానివాళ్ళ పని అని మా ఆయన పెంచలయ్య సెట్టి గారి అభిప్రాయం. పెళ్ళిచూపులనాడు మా అమ్మ పెట్టిన మైసూరుపాకును కూడా ముందు నొక్కే చూశాడు. నొక్కి, తల ఊపాడు. ఆ ఊపు నాకో, మైసూరుపాకుకో ఇప్పటికీ తేలలేదు.

మా బెల్లం మండీలో ధర నోటితో పలికే ఆచారం లేదు. అది కూడా వేళ్ళ పనే. కొనేవాడు, అమ్మేవాడు ఎదురెదురుగా కూర్చుని చేతుల మీద టవాలు కప్పుకుంటారు. కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుంటారు. మొదటి పట్టులో ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అన్ని వందలు, రెండో పట్టులో పదులు. ఐదు దాటితే ఐదు వేళ్ళూ పట్టి వదిలి, మిగతావి మళ్ళీ పట్టుకోవాలి. వేలు సగం దాకా పట్టుకుంటే సగం. చుట్టూ ఎంతమంది నిలబడి మెడలు చాచినా ఎవరికీ ఏమీ తెలియదు. ముఖాలు మాత్రం ఇద్దరివీ దివాలా తీసినవాళ్ళ మాదిరి ఉంటాయి.

అంత పేరున్న వేళ్ళకు రెండువేల ఆరు ఎండాకాలంలో సూదిపోట్లు మొదలైనాయి.

ఉగాదికి ముందు అమ్మవారిశాలలో ఉచిత వైద్యశిబిరం పెట్టారు. కమిటీకి మా ఆయనే పెద్ద. జనం సూదికి జంకి వెనక వెనకనే నిలబడుతుంటే, "ఏమప్పా, చీమ కుట్టినంత గూడా ఉండదు, చూడండి" అని అందరికంటే ముందు తన వేలు చాపాడు. ఆ మొదటి వేలికే షుగరు బయటపడింది. వరుసలో ఉన్నవాళ్ళు సగంమంది మెల్లగా చెప్పులు వెతుక్కున్నారు.

కడపకు పోయి పెద్ద డాక్టరుకు చూపించుకున్నాం. ల్యాబులో రక్తం ఇచ్చాం. షుగరు ఉన్నమాట నిజమే అన్నాడు డాక్టరు. ఒక మాత్ర రాశాడు. పొద్దున్నే నడవమన్నాడు. అన్నం కుప్పగా కాకుండా కొలతగా తినమన్నాడు. "ఇంట్లో మిషన్ పెట్టుకుని పరగడుపున ఒకసారి, తిన్న రెండుగంటలకు ఒకసారి చూసుకోండి. మూడు నెలల సగటు తేల్చే రక్తపరీక్ష ఒకటుంది. ఎండాకాలం పోయినాక అది చేయిద్దాం. ఏడు లోపల వస్తే మీరు గెలిచినట్టు" అన్నాడు.

ఇంటికొచ్చి చెబితే మా అత్త రామేశ్వరమ్మ గారు నమ్మలేదు. "బెల్లం మధ్యలో పుట్టి, బెల్లం మధ్యలో పెరిగినోడికి చక్కెర జబ్బేంది? వస్తే బెల్లం జబ్బు రావాల గదా!" అంది. నమ్మకపోయినా ఏడవడం మాత్రం మానలేదు.

కర్నూలు పక్కన కల్లూరులో మా అన్న రాఘవేంద్రప్రసాద్‌కు మందులషాపు ఉంది. ఆయన బస్సు దిగి, సబ్బుపెట్టెంత మిషన్ ఒకటి మా ఆయన చేతిలో పెట్టాడు. భోంచేసి చెయ్యి కడుక్కుని వచ్చిన బావ వేలు పొడిచి, రక్తపు చుక్కను స్ట్రిప్పుకు తాకించి, అంకె ఎట్లా చూడాలో నేర్పించి, సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయాడు. మిషన్‌తో వచ్చిన సన్నక్షరాల ఇంగ్లీషు పుస్తకం నా వంతుకు వచ్చింది. కడపలో బి.యస్సీ. చదివినందుకు ఇరవై ఏళ్ళకు దొరికిన మొదటి ఉద్యోగం అది.

రోజూ పొద్దున నడిచొచ్చి, స్నానం చేసి, దేవుడికి దండం పెట్టుకుని మా ఆయన వేలు పొడుచుకునేవాడు. అంకె పైకి చదివితే మా అత్త కొంగు తీసేది. తక్కువ వచ్చినా తీసేది, తగ్గిపోతాండాడని. అందుకని ఆయన భుజం మీది టవాలు మా ఇద్దరి చేతుల మీద కప్పి, నా వేళ్ళు పట్టుకుని చెప్పడం మొదలుపెట్టాడు. ఒక వేలు, తర్వాత రెండు వేళ్ళు. అంటే నూట ఇరవై. పెళ్ళయిన ఇన్నేళ్ళకు మా ఆయన పట్టపగలు, వాళ్ళమ్మ ఎదురుగా నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. షుగరు వల్ల నష్టమే గాని లాభం లేదని నేననను.

పాలవాడి లెక్క రాసే కేలండరు మీదే పొద్దుటి అంకె రాసిపెట్టేదాన్ని. పదిరోజులు అన్నీ మంచి అంకెలే వచ్చాయి. మా ఆయన నడక నుంచి వస్తుంటే వీధిలో అడుగుల చప్పుడులోనే ధీమా వినబడేది.

తర్వాత తిన్న రెండుగంటల అంకె మొదలైంది.

ఇంట్లో టిఫిన్ తిని మండీకి పోయే మనిషి కనుక ఆ పరీక్ష మండీలోనే జరిగేది. మండీలో నీళ్ళంటే తాగడానికి పెట్టుకున్న ఒక కుండ. హమాలీ ఓబుళేశు దానికి కాపలా. లారీలు, బేరాలు, తూకాల మధ్యలో మా ఆయన గడియారం చూసుకుని, వేలు టవాలుకు తుడుచుకుని, పొడుచుకునేవాడు. మొదటిరోజు మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు ఆయన ముఖం చూసి, నిజంగానే దివాలా తీశామనుకున్నాను. టవాలు కప్పాడు. మూడు వేళ్ళు పట్టుకున్నాడు. తర్వాత నాలుగు.

"మూడొందల నలభైయా?" నోరుజారి పైకే అనేశాను.

మా అత్త వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "ఏం పెట్టినావు సుందరమ్మా పొద్దున?"

"ఇడ్లీలు అత్తా."

"చెట్నీలో ఏమేసినావు?"

ఆ రోజు నుంచి నా వంటిల్లు పోలీసు కాపలాలో పడింది. నాలుగు ఇడ్లీలు మూడయ్యాయి, మూడు రెండయ్యాయి. తర్వాత ఇడ్లీ పోయి చిన్న రాగిసంకటి ముద్ద, పక్కన గోంగూర పులుసు వచ్చాయి. మా ఆయన నోరెత్తకుండా తిన్నాడు. మండీ అంకె మాత్రం తగ్గలేదు. మూడొందల పది. మూడొందల ఎనభై. ఒకరోజు రెండొందల తొంభై వస్తే పండగ చేసుకున్నాం. మర్నాడు చిత్తూరు లోడు దిగింది, నాలుగొందలు దాటింది.

అమావాస్యనాడు మండీకి సెలవు. ఆ రోజు అదే సంకటి తిని, అదే రెండుగంటలకు ఇంట్లో చూసుకుంటే నూట నలభై.

దీనికి ఇంట్లో తలా ఒక అర్థం చెప్పారు. మా అత్త మండీకి దిష్టి తగిలిందని గుమ్మానికి బూడిదగుమ్మడికాయ కట్టించింది. మా మరిది సుదర్శన్ వ్యాపారం టెన్షన్ అన్నాడు. పొద్దున్నే మొలకలు తిని, మేడ మీద దండీలు తీసే మనిషి అతను. ఒంటి గురించి ఇంట్లో ఎవరికి సందేహం వచ్చినా తన కండ చూపించి తీర్చేవాడు. మా ఆయన మాత్రం ఎవరికీ చెప్పకుండా ఆలోచించి, ఒకరోజు పడకగదిలో నాకు చెప్పాడు.

"బెల్లం గాలమ్మే."

"బెల్లం గాలేంది?"

"ముప్పైఏండ్లుగా ఆ గాలి పీలుస్తాండా. లోపలంతా పట్టింది. ఇంట్లో ఉంటే దిగుతాండాది, ఆడికి పోతానే ఎక్కుతాండాది. ఇంగేం కావాల సాక్ష్యం?"

నవ్వబోయి, ఆయన కళ్ళు చూసి మానుకున్నాను. కేలండరు కూడా ఆ మాటే చెబుతోంది మరి. మండీ తెరిస్తే షుగరు తెరుచుకుంటోంది, మండీ మూస్తే మూసుకుంటోంది.

వైశాఖంలో మళ్ళీ కడపకు పోయినప్పుడు డాక్టరు మండీ అంకెలన్నీ చూసి తల అడ్డంగా ఊపాడు. మాత్ర బలం పెంచాడు. "దీనికీ లొంగకపోతే ఇన్సులిన్ తప్పదు" అన్నాడు. బస్సులో వచ్చేటప్పుడు మా ఆయన కిటికీలోంచి చూస్తూ ఖాజీపేట దాటాక అన్నాడు: "ఏరువాక పున్నమికి మండీ సుదర్శన్‌కు ఇచ్చేస్తా. తాళాలు వాడి చేతిలో పెట్టి ఇంట్లో కూచుంటా. నాకు మనవలను చూడాలనుండాది."

మాకింకా కూతురి పెళ్ళే కాలేదు.

సుదర్శన్ చెడ్డవాడేం కాదు. "నీ ఆరోగ్యం కంటేనా అన్నా" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. కళ్ళనీళ్ళు ఆరకముందే టేపు తీసుకుని మండీ కొలిచాడు. బెల్లం తీసేసి సెల్లుఫోన్ల షోరూము పెడతాడట. అద్దాలు, ఏసీ. మా మామ పెట్టిన త్రాసును "డెకరేషన్‌కు" ఒక మూల ఉంచుతానని దయతో చెప్పాడు.

మా ఆయన ఇంట్లో కూర్చోవడం ముందునుంచే అలవాటు చేసుకుంటానని మధ్యాహ్నాలు మండీకి పోవడం మానేశాడు. ఆ మధ్యాహ్నాలు నేను మరచిపోలేను. ఉయ్యాలబల్ల మీద కూర్చుని చేతికి అందిందల్లా నొక్కేవాడు. జామకాయ నొక్కేవాడు. దిండు నొక్కేవాడు. పళ్ళెంలో పెట్టిన సంకటిముద్దను బొటనవేలితో నొక్కి, "రెండో రకం" అనేవాడు. ఒకరోజు గుమ్మంలోకి వచ్చిన ఉప్పుబండి గంగక్కతో గళ్ళుప్పు నాణ్యం గురించి అరగంట మాట్లాడాడు. ఆమె వెళ్ళిపోయాక ఖాళీ వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు. ఈ మనిషికి మందు పెంచితే చాలదు, మండీ కావాలి అని నాకు అప్పుడు తెలిసింది. కాని మండీయే విషమని అంకెలు చెబుతుంటే అంకెలతో ఎవరు పోట్లాడతారు?

జ్యేష్ఠం వచ్చింది, వాన రాలేదు. ఒకరోజు పన్నెండు దాటాక ఇంటి ముందు ఆటో ఆగింది. ఓబుళేశు మా ఆయనను పట్టుకుని దించుతున్నాడు. చొక్కా మొత్తం తడిసిపోయి ఒంటికి అంటుకుంది. చేతులు వణుకుతున్నాయి.

"ఏమైంది ఓబుళేశూ?"

"సెట్టి మాట తడబడతాండాదమ్మా. నా పేరు బదులు మా నాయిన పేరు పెట్టి పిలిచినాడు. ఇప్పుడే మిసను సూసుకున్యాడు, మూడొందల ఇరవై అన్యాడు. ఇంగో మాత్ర ఏసుకుంటానంటే నేనే వొద్దని ఆటో ఎక్కించినా."

మా ఇంట్లో బయటినుంచి ఎవరొచ్చినా కాళ్ళు చేతులు కడుక్కోందే గడప లోపలికి రానివ్వదు మా అత్త. కొడుకు కళ్ళు తేలేస్తున్నా ఆమె చెంబు అందించింది. నేను ఆయనను తొట్టి దగ్గర రాయి మీద కూర్చోబెట్టి కాళ్ళ మీద, చేతుల మీద నీళ్ళు పోశాను. వేళ్ళు జిగటగా ఉంటే రుద్ది కడిగాను. చేతుల మీదుగా దిగిన నీళ్ళు తెల్లరాయి మీద లేత టీ రంగులో పారాయి.

లోపలికి తెచ్చి మంచం మీద కూర్చోబెట్టి, వేలు తుడిచి మిషన్ పెట్టాను. యాభై నాలుగు.

రెండోసారి చూడడానికి నిలబడలేదు. సన్నక్షరాల పుస్తకంలో డెబ్భై లోపలికి దిగితే ఏం చేయాలో పెద్దక్షరాలతో రాసి ఉంది. గ్లాసు నీళ్ళలో మూడు చెంచాల చక్కెర కలిపి ఆయన నోటికి అందించాను.

"ఏమ్మా, మొగుణ్ణి చంపుకుంటావా?" మా అత్త నా మోచెయ్యి పట్టుకుంది. "షుగరు జబ్బుకు చక్కెర తాపుతావా?"

"చెయ్యి వదులు అత్తా. తర్వాత ఎంతసేపైనా తిడుదువుగాని."

ఇరవై ఏళ్ళలో ఆమెతో ఆ గొంతుతో మాట్లాడలేదు. వదిలేసింది. ఆయన తాగాడు. కాసేపటికి వణుకు తగ్గింది. ఇంకాసేపటికి చుట్టూ చూసి, "ఓబుళేశూ, లోడుకు టార్పాలిన్ కప్పినారా?" అన్నాడు. వాళ్ళ నాయన పేరు కాదు, అతని పేరే. మా అత్త గోడకు చేరగిలబడి ఏడ్చింది. ఈసారి నేనూ సాయం పట్టాను.

అన్నం తినిపించి ఆయనను పడుకోబెట్టాక తొట్టి దగ్గరికి వచ్చాను. రాయి మీద నీళ్ళు ఆరిపోయి, అంచున గోధుమరంగు చార మిగిలింది. దాని మీద చీమలు బారు కట్టి ఉన్నాయి. ఎండలో అలాగే నిలబడి వాటిని చూశాను. మా కాలేజీ కెమిస్ట్రీ మేడం పరీక్షనాళిక కడగకుండా ప్రయోగం చేసినవాళ్ళను ల్యాబు బయట నిలబెట్టేది. ఇరవై ఏళ్ళ తర్వాత నేను పెరట్లో నిలబడి ఉన్నాను, అంతే తేడా.

మర్నాడు పొద్దున ఆయనకు పెంచిన మాత్ర ఇవ్వలేదు. కడపకు ఫోన్ చేసి అడిగితే, పాత బలమే వేయమని, రేపే రమ్మని డాక్టరు చెప్పాడు. ఫోన్ పెట్టేసి చేతులు సబ్బుతో కడుక్కుని, నా వేలే పొడుచుకున్నాను. తొంభై రెండు. మిషన్ సంచిలో వేసుకుని, "పదండి, నేనూ మండీకొస్తా" అన్నాను.

మా ఇంటి ఆడవాళ్ళు మండీకి పోవడం దసరా పూజనాడు తప్ప లేదు. మా ఆయన నావైపు అనుమానంగా చూశాడు. "ఏంటికి?"

"బెల్లం గాలి పీల్చేదానికి."

మండీలో ఓబుళేశు నాకు ఒక గోనెసంచి పరిచి కుర్చీ వేశాడు. కుర్చీ వదిలేసి దిమ్మె దగ్గరికి పోయాను. మా ఆయన చేసినట్టే బొటనవేలితో నొక్కి, అంచు చిదిమి, వేళ్ళ మధ్య నలిపాను. ఎండకు బెల్లం తడితేలి ఉంది. ఆయన భుజం మీది టవాలు లాగి, దానికి వేలు తుడుచుకున్నాను. ఆ టవాలును నిలబెడితే నిలబడుతుంది, అంత బెల్లం పట్టింది. వేలు పొడిచి మిషన్ ఆయన చేతికే ఇచ్చాను.

"చదవండి."

ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. "మూడొందల డెబ్భై... నీకు గూడా వచ్చిందా?" పక్కనున్న బస్తా మీద కూలబడ్డాడు.

"నాకేం రాలే. ఇంట్లో తొంభై రెండే. బెల్లం నా రక్తంలో లేదు, వేలి మీద ఉండాది." కుండలోంచి ముంతెడు నీళ్ళు ముంచాను. ఓబుళేశు నోరు తెరిచి, నా ముఖం చూసి మూసుకున్నాడు. కొంగున ముడేసుకొచ్చిన సబ్బుముక్కతో చెయ్యి కడుక్కుని, కొంగుకే తుడుచుకుని, ఇంకో వేలు పొడిచాను. తొంభై ఆరు.

మా ఆయన ఆ రెండు అంకెలను, నా రెండు వేళ్ళను మార్చి మార్చి చూశాడు. తన కుడిచెయ్యి పైకెత్తి, బొటనవేలిని చూపుడువేలికి ఆనించి మెల్లగా విడదీశాడు. రెండింటి మధ్య సన్నటి జిగురుదారం సాగి తెగింది.

"ఈ లెక్కన సెట్టీ," అన్నాడు ఓబుళేశు, "నేను ఎప్పుడో సచ్చిపోయిండాల."

అప్పుడే సుదర్శన్ వచ్చాడు. చేతిలో షోరూము బొమ్మ గీసిన కాగితం. ఆ క్షణంలో నాకు వచ్చిన ఆలోచన మంచిది కాదని నాకు తెలుసు. స్ట్రిప్పులు కూడా దండగ. కాని దేవుడు అంత చక్కగా ఎదురుగా తెచ్చి నిలబెట్టినప్పుడు వదులుకోవడం తప్పనిపించింది.

"సుదర్శన్, రా నాయనా. ఈ దిమ్మె మీ అన్న రెండో రకమంటాండాడు, నేను మొదటి రకమంటాండా. నువ్వొకసారి నొక్కి చెప్పు."

నాణ్యం చెప్పమని అతన్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. కాగితం పక్కన పెట్టి, అన్న మాదిరే నొక్కి, నలిపి, "మొదటి రకమే వదినా" అన్నాడు.

"ఈ టవాలుకు తుడుచుకో. ఎట్లాగూ వచ్చినావు, నీ షుగరు గూడా ఒకసారి చూస్తాం. మొలకలు తినే ఒంట్లో ఎంత తక్కువుంటుందో మీ అన్న తెలుసుకోనీ."

నవ్వుతూ వేలు చాపాడు. నాలుగొందల పన్నెండు.

నవ్వు అక్కడే ఆగిపోయింది. "అన్నా... నాకు చెమటలు పడతాండాయి. వదినా, ఆసుపత్రికి ఫోన్ చెయ్యి. అమ్మకు చెప్పొద్దు. లేదు, అమ్మను పిలవండి."

మా ఆయన నావైపు చూశాడు. నేను ఆయనవైపు చూడలేదు. ఓబుళేశు గోడవైపు తిరిగి నిలబడ్డాడు, భుజాలు మాత్రం ఎగురుతున్నాయి. ఒక కాఫీ తాగేంతసేపు ఆగుదామనుకున్నాను గాని, మా ఆయనే ఆగలేకపోయాడు. ఎండాకాలమంతా వినబడని నవ్వు ఆయన కడుపులోంచి లేచింది. నవ్వుతూనే తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని కుండ దగ్గరికి లాక్కుపోయాడు. "కడుక్కోరా, కడుక్కో! సబ్బు పెట్టి రుద్దు!"

మర్నాడు కడపలో డాక్టరు అంతా విని మా పాత చీటీ తిప్పి చూసుకున్నాడు. "ఏం పని చేస్తారని అడిగాను, వ్యాపారమన్నారు. ఏ వ్యాపారమని అడగాల్సింది" అన్నాడు. మాత్ర బలం తగ్గించినట్టు కాగితం మీద రాశాడు. సబ్బుతో చెయ్యి కడిగి, పొడిగా తుడిచాకే చూసుకోమని మా ఆయనకు చెప్పి, "ఇప్పుడే సంబరపడొద్దు. మూడు నెలల పరీక్ష ఏమంటుందో చూద్దాం" అన్నాడు.

అందువల్ల మేం పూర్తిగా సంబరపడలేదు. మండీలో కొళాయి ఉన్న డ్రమ్ము ఒకటి పెట్టించాం, దానికొక సబ్బు, తాడుకు తగిలించిన తెల్లతువాలు. ఆ తువాలుతో బెల్లం ముట్టుకున్నవాడికి టీ బంద్ అని ఓబుళేశు తనంతట తానే చట్టం చేశాడు. కుడిచెయ్యి బెల్లానికి, ఎడమచెయ్యి మిషన్‌కు అని మా ఆయన వేళ్ళు పంచుకున్నాడు. మండీ అంకెలు మెల్లగా ఇంటి అంకెలతో కలిశాయి. నూట యాభై, నూట నలభై. పొద్దుటి నడక ఆపలేదు, సంకటి ముద్ద పెంచలేదు. మా అత్త గుమ్మడికాయ విప్పనివ్వలేదు. తగ్గింది దానివల్లేనని ఆమె నమ్మకం. ఉండనీలే, గుమ్మానికి అందంగానే ఉంది.

అయినా తాళాల మాట అట్లాగే ఉండిపోయింది. ఏరువాక పున్నమికి ఇస్తానని పదిమందిలో అన్నమాట. మిషన్‌ను ఒకసారి నమ్మి మోసపోయిన మనిషి, రెండోసారి నమ్మడానికి భయపడ్డాడు. "మూడు నెలల పరీక్ష మంచిగొస్తే చూస్తాం. రాకపోతే మాట మాటే" అన్నాడు.

పున్నమినాడు పొద్దున్నే మండీలో పూజ. త్రాసుకు పసుపు కుంకుమ పెట్టాం. పళ్ళెంలో తాళాలగుత్తి పెట్టి పక్కన పూలు పెట్టింది మా అత్త. ముందురోజు రక్తమిచ్చి వచ్చిన మా ఆయన కాగితం తెచ్చుకోవడానికి మొదటి బస్సుకే కడపకు పోయాడు. బద్వేలు నుంచి వచ్చిన ఇద్దరు బేరగాళ్ళు, ఓబుళేశు, సుదర్శన్, అత్త, నేను. అందరం రోడ్డువైపే చూస్తూ కూర్చున్నాం. పడమర మబ్బు పట్టింది.

బస్సు ఆగింది. మా ఆయన దిగాడు. ముఖం చూశాను. దివాలా తీసిన ముఖం.

నేరుగా డ్రమ్ము దగ్గరికి పోయి, సబ్బుతో చేతులు కడుక్కుని, తెల్లతువాలుకు తుడుచుకున్నాడు. వచ్చి నా ఎదురుగా గోనెసంచి మీద కూర్చున్నాడు. భుజం మీది టవాలు తీశాడు. నేనే ఉతికిన కొత్త టవాలు. అంతమందిలో, బేరగాళ్ళ ఎదురుగా, నా చేతుల మీద కప్పాడు. బద్వేలు బేరగాళ్ళలో ఒకడు దగ్గాడు. మండీలో ఆ టవాలు కింద ఆడమనిషి చెయ్యి అంతవరకూ పోలేదు.

మొదట ఐదు వేళ్ళూ పట్టుకున్నాడు. ఈ పరీక్షలో వందలు, పదులు ఉండవు, పట్టుకున్న వేలికి ఒకటి చొప్పున లెక్క. ఐదు. వదిలాడు. మళ్ళీ ఒక వేలు పట్టుకున్నాడు. ఆరు. ఇంకో వేలు పట్టుకుంటే ఏడు, అంతటితో అయిపోయింది. పట్టుకున్నాడు. మెల్లగా జారుస్తూ వచ్చి, వేలి సగం దగ్గర ఆపాడు.

ఆరున్నర.

ఆయన ముఖం ఇంకా దివాలాగానే ఉంది. కళ్ళు మాత్రం దాచుకోలేకపోయాడు.

"ఏమమ్మా, ఎంతంట?" మా అత్త నా భుజం కుదిపింది. "చెప్పవేమ్మా!"

నేను పైకి ఏమీ చెప్పలేదు. బేరం మధ్యలో ఉంది. నా వేలి సగం దగ్గర ఆగిన ఆయన వేలిని టవాలు కిందే పట్టుకుని, ఆ సగం కూడా కొట్టేసినట్టు మెల్లగా లోపలికి మడిచేశాను. వచ్చేసారికి ఆరే.

మా ఆయన ఉలిక్కిపడి నా ముఖంలోకి చూశాడు. ముప్పైఏళ్ళ బేరాల్లో ఆయన వేలు అట్లా మడిచిన మనిషి లేదు. ఊరికే ఒప్పుకోలేదు, వేలు మళ్ళీ చాచాడు. నేను మళ్ళీ మడిచాను. అప్పుడు పెద్దగా నవ్వి టవాలు ఎగరేసి, పళ్ళెంలోని తాళాలగుత్తి తీసుకుని మొలలో దోపుకున్నాడు.

మా అత్తకు అంకె అక్కర్లేకపోయింది. కొంగు తీసి, ఏడవకుండా, దాంతో కొడుకు నుదుటి చెమట తుడిచింది.

"అన్నా," అన్నాడు సుదర్శన్, "నాకు పక్క రూము ఇస్తే చాలు, రీచార్జి కార్డులు పెట్టుకుంటా. ఈ బెల్లంతో నాకు పనొద్దు. ముట్టుకుంటేనే నాలుగొందలు వచ్చాండాది."

బయట మొదటి చినుకు దుమ్ములో పడింది. చిత్తూరు లారీ వెనక్కి వస్తూ హారన్ కొట్టింది. మా ఆయన ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకుని, కుడిచెయ్యి చాచి లేచాడు.